మొహరు పడ్డ కథ

పోయిన నెలలో యూనివర్సిటీ నుంచి ఒకమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. సంచిలోంచి జిరాక్స్ కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టి, ఈ చేతిరాత మీదేనా సార్ అని అడిగింది. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. నాదే. ఇరవైమూడేళ్ళ వయసులో గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా రాసుకున్న అక్షరాలు. ప్రతి పుట మూలనా ఉర్దూ మొహరు, సర్కారు ముద్ర. పాత సర్కారు కాగితాలుండే ఏదో దఫ్తరుఖానాలో దొరికిందట. గొర్రెలు కాసే కురుమలు తమ దేవుడి మీద చెప్పుకునే ఒగ్గు కథకు ఈ దిక్కున ఇంతకంటే పాత ప్రతి లేదనీ, అసలు కథ ఏమిటో ఇక దీన్నిబట్టే తేలుస్తామనీ ఆ పిల్ల సంబరపడింది.

చాయ్ ఇచ్చి పంపించేశాను. అసలు కథ అట! నాకు ఒళ్ళు మండింది, పాపం ఆ పిల్ల మీద కాదు. ఆ కాగితాల్లో కథ చెప్పిన మనిషి ఎక్కడా లేడనీ, ఉన్నదంతా నేనేననీ ఆమెతో అనడానికి నోరు రాలేదు. ఎదురుగా చెప్పలేనివాణ్ణి కాగితం మీద మాత్రం బాగానే చెబుతాను. అదే నా రోగం.

ఆ కథ చెప్పినాయన పేరు రాయను. ఊళ్ళో కూడా పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు, ఒగ్గాయన అనేవాళ్ళు. యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కుడిచేతిలో జగ్గు అనే చిన్న డమరుకం, మెడలో గవ్వల దండ, పక్కన డోలు కొట్టడానికి బావమరిది. నేను దేవరకొండకు ఒక పూట నడక దూరంలో ఉన్న ఆ ఊరి సర్కారు బడికి కొత్తగా వచ్చిన పంతుల్ని. ఇంట్లో నా భార్య కడుపుతో ఉంది. మాకు ఆ ఊళ్ళో నా అనేవాళ్ళు ఎవరూ లేరు.

ఆయన ఏ ఊళ్ళో కథ చెప్పాలన్నా ముందు ఆ ఊరంతా తిరిగేవాడు. ప్రతి గడపలోనూ నీళ్ళడిగి తాగేవాడు. తాగుతూ తాగుతూ అన్నీ అడిగేవాడు. ఏ గొర్రె ఈనింది, ఎవరి బాయి ఎండింది, ఏ అన్నదమ్ములు మాటలు మానుకున్నారు. మొదటిసారి చూసినప్పుడు, ఇంత దాహమేమిటి ఈ మనిషికి, కడుపా కాలువా అని నవ్వుకున్నాను. కథ మొదలయ్యాక తెలిసింది. కథలో దేవుడు మా ఊరి చాకలి బావి దగ్గరే కాళ్ళు కడుక్కున్నాడు. మా వాడకట్టు కుక్కే ఆయన్ని కరవబోయింది. దేవుడి అన్నలు కూడా మా ఊళ్ళో మాటలు మానుకున్న అన్నదమ్ముల్లాగే గట్టు దగ్గర తన్నుకున్నారు. ఆ అన్నదమ్ములు అక్కడే కూర్చుని తలలు వంచుకుని విన్నారు.

ఇంతకంటే వింత ఇంకొకటుంది. కథలో దేవుడింకా చిన్నవాడు, తల్లి విధవరాలు. రాజుగారి మనుషులు వచ్చి పండగకు గొర్రె కావాలంటారు. మందలో వాళ్ళ కన్ను చూడి గొర్రె మీద పడుతుంది. అక్కడికొచ్చాక ఆయన జగ్గు ఆపేసి, కూర్చున్న ఆడవాళ్ళ వైపు తిరిగేవాడు. "ఇగ మీరే చెప్పున్రి. తల్లి ఏం చెయ్యాలె?" అనేవాడు. అడిగి ఊరుకునేవాడు. వాళ్ళు చెప్పిందాకా కథ కదిలేది కాదు. ఒక ఊళ్ళో ఇచ్చి ఏడ్చిందన్నారట. ఒక ఊళ్ళో పొట్టేలునిచ్చి గొర్రెను దాచుకుందన్నారట. ఎవరేమన్నా ఆయన ఆ మాట పట్టుకునే ముందుకు పోయి, ఎటు తిప్పినా చివరికి దేవుడి పెళ్ళి దగ్గరికి కథను చేర్చేవాడు.

నాకది నచ్చలేదు. మూడు పరీక్షలు పాసైనవాణ్ణి, కథ అంటే ఒక్క తీరున ఉండాలని నా నమ్మకం. నా బడి కూడా అట్లాగే ఉండేది. నేను ఉర్దూలో ఒక ముక్క చదువుతాను, పిల్లలు గొంతెత్తి అదే అంటారు. వాళ్ళకు అర్థం కాదు, నిజం చెప్పాలంటే సగం నాకూ కాదు. బెత్తం మాత్రం అందరికీ అర్థమయ్యేది. ఒకరోజు ఆయన బడి గడప మీద కూర్చుని చాలాసేపు విన్నాడు. ఈ పిల్లలు నిన్నేమన్నా అడుగుతారా అని నన్నడిగాడు. బడి అడిగే చోటు కాదు, వినే చోటు అన్నాను గర్వంగా.

"మా గొర్లు గూడ గంతే పంతులూ. గని మేత లేనికాడికి తోల్కపోతె అవి గూడ ఒర్రుతయి" అన్నాడు.

దానికి నేను నవ్వలేదు. పక్క ఊళ్ళో ఒకాయన సర్కారు అనుమతి, అదే ఇజాజత్, లేకుండా తెలుగు బడి పెట్టుకుంటే ఆ నెలలోనే గుడిసెకు తాళం పడింది. ఆయన ఎటు పోయాడో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ ఏడు మా ఊళ్ళో కథ చెప్పినప్పుడు తల్లి ఏం చెయ్యాలని ఆయన అడిగితే వెనక వరసలోంచి లింగవ్వ అనే ఆమె జవాబు చెప్పింది. ఆమె కూడా విధవరాలే, పదిహేను గొర్రెలున్నాయి. "ఇయ్యొద్దు. కడుపుతోనున్నదాన్ని ఎట్లిస్తది?" అంది. ఆ మాట అప్పటిదాకా ఏ ఊళ్ళోనూ రాలేదని డోలు అతను నాతో తర్వాత అన్నాడు.  ఒగ్గాయన జగ్గు ఎత్తి, తల్లి ఇయ్యలేదని పాడాడు. రాజుగారి మనుషులు ఏమీ చెయ్యలేక మళ్ళిపోయారని పాడాడు. ఆడవాళ్ళు ఊఁ కొట్టిన ఊఁ ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అందరూ కథ విని ఇంటికి పోయి పడుకుంటే బాగుండేది. దసరాకు దొర ఉండే గడీలోకి గొర్రెలు పట్టుకుపోవడానికి ఆయన మనుషులు వచ్చారు. ఏటా వస్తారు, ఏటా పట్టుకుపోతారు, కురుమలు నోరెత్తరు. ఈసారి లింగవ్వ దొడ్డి తడికకు అడ్డం నిలబడింది. దేవుని తల్లే ఇయ్యలేదు, నేనెందుకిస్త అంది. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని వెళ్ళిపోయారు. ఆమెను పక్కింటి ఆమె చూసింది, పక్కింటి ఆమెను ఆ పక్కావిడ చూసింది. ఆ దసరాకు గడీలోకి ఒక్క గొర్రె కూడా పోలేదు. ఎవర్నీ కొట్టలేదు, ఎవర్నీ పిలిపించలేదు. ఊళ్ళో సర్కారు పెత్తనం చేసే పోలీసు పటేలు ఎదురుపడినవాళ్ళందరితో నవ్వుతూ మాట్లాడాడు. ఆ నవ్వు చూసి నా భార్య తలుపు గడియ పెట్టుకోవడం మొదలుపెట్టింది.

రెండు వారాల తర్వాత ఆ నవ్వుకు అర్థం తెలిసింది. ఇకమీదట కథ చెప్పాలంటే తహసీలు నుంచి ఇజాజత్ తెచ్చుకోవాలి. చెప్పబోయే కథంతా ముందే కాగితం మీద రాసి దాఖలు చెయ్యాలి. చదువు రాని కురుమలు నా దగ్గరికి వచ్చారు. దేవుడి కథ రాసే భాగ్యం నీది పంతులూ అన్నారు. నేను పొంగిపోయాను. పొగడ్తకు పొంగనివాడెవడు?

పదకొండు సాయంత్రాలు బడి అరుగు మీద కూర్చుని రాశాను. మొదటిరోజే తగువు. దేవుడికి అన్నలెందరంటే ముందు ఏడుగురన్నాడు, తర్వాత అయిదుగురన్నాడు. ఏదో ఒకటి ఖాయం చెయ్యమని విసుక్కున్నాను.

"ఏ ఊరికి పంతులూ?" అని అడిగాడు.

ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. నేను ఏడుగురని రాసేశాను. ఆయన మాట తీరు నాకు మోటుగా అనిపించింది, అంతా దిద్ది గ్రాంథికంలోకి మార్చాను. ఆయన చెబుతూ చెబుతూ ఆగి, నా కలం కదలడం చూస్తూ కూర్చునేవాడు. పక్కనే ఉన్న మా ఇంట్లోంచి నా భార్య నీళ్ళు తెచ్చిస్తే, కడుపు బరువు మీద కష్టపడి ఒంగుతోందని చూసి, తానే లేచి వెళ్ళి చెంబు అందుకునేవాడు.

తొమ్మిదో రోజు గొర్రె దగ్గరికి వచ్చాం. ఇయ్యలేదని రాయి, లింగవ్వ చెప్పింది గద అన్నాడు. నేను తలూపాను. తలూపుతూనే, "తల్లి ఆ గొర్రెను రాజభటులకు ఇచ్చెను" అని రాశాను. ఇయ్యలేదని రాస్తే ఇజాజత్ రాదు, రాయించినవాడితో పాటు రాసినవాడికీ మూడుతుంది. కాగితం కాగితమే, చెప్పేనాడు ఆయన తోచినట్టు చెప్పుకుంటాడు, పట్టి చూసేదెవరు? ఇట్లా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిరికివాడికి సాకులు వెతుక్కోవాల్సిన పని లేదు, అవే క్యూ కడతాయి. ఆయనకు మాత్రం చెప్పలేదు.

కాగితం పుటపుటకూ మొహరు పడి తిరిగొచ్చింది. కురుమలు చేసిన పని చూసి నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. సర్కారు మొహరు పడింది కాబట్టి ఇక తమ కథకు రక్ష దొరికిందనుకున్నారు. కాగితాలను పసుపు గుడ్డలో చుట్టి, డోలు కొట్టుకుంటూ ఊరంతా తిప్పారు. ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్ళు దానికి బొట్టు పెట్టారు. లింగవ్వ కూడా పెట్టింది. వాళ్ళ వెంట నేనూ నడిచాను. అప్పుడైనా నోరు విప్పవచ్చు. విప్పలేదు.

ఇజాజత్‌తో పాటు షరతులు కూడా వచ్చాయి. కథ పొద్దు గూకక ముందే ముగియాలి. పోలీసు ఠాణాకు పెద్ద అయిన అమీను సాహెబు స్వయంగా కూర్చుంటాడు. పంతులు కాగితం చేతిలో పెట్టుకుని, ఒగ్గాయన దాన్ని దాటిన ప్రతి మాట దగ్గరా ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టాలి.

చావడి ముందు పట్టపగలు కథ మొదలైంది. ఎవరి మొహం ఎట్లా ఉందో అందరికీ కనిపిస్తూనే ఉంది. అమీను కుర్చీలో, నేను పక్కన ముక్కాలి పీట మీద. ఒగ్గాయన రెండో మాటకే కాగితం దాటాడు. ఆయనకు మరో తీరు తెలిస్తే కద! అమీను నా వైపు వంగి, ఉందా అని అడిగాడు. ఉంది హుజూర్ అన్నాను. కాసేపటికి మళ్ళీ అడిగాడు. ఉందన్నాను. దేవుడికి ఆనాడు అయిదుగురే అన్నలయ్యారు, అదీ ఉందన్నాను. చిన్న చిన్న వాటికి అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! నాకే ఆశ్చర్యమేసింది. ధైర్యవంతుణ్ణే అనుకున్నాను.

గొర్రె దగ్గరికి వచ్చాడు. జగ్గు ఆపాడు. ఆడవాళ్ళ వైపు తిరిగి, తల్లి ఏం చెయ్యాలో చెప్పమన్నాడు.

అమీను కుర్చీలో ముందుకు జరిగి, ఎవరు నోరు తెరుస్తారా అని ఒక్కొక్కరి మొహమే చూస్తున్నాడు. లింగవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఒగ్గాయన అదంతా చూశాడు. చూసి, మొహం విప్పార్చుకుని నా వైపు తిరిగాడు.

"ఆడోళ్ళనెందుకు అడుగుడు? సర్కారు మొహరేసిన కాగితమే ఉన్నది. పంతులూ, తల్లి ఏం చేసిందో జర గట్టిగ సదువు, అందరు వింటరు" అన్నాడు.

ఎంత సంతోషంగా అన్నాడో చెప్పలేను. లింగవ్వ మాటకే సర్కారు మొహరు పడిందని ఆయన అనుకుంటున్నాడు. ఆ మాట అమీను ఎదుట, పంతులు నోట, ఊరంతా వినేట్టు పలికిద్దామనుకున్నాడు. ఆయన నమ్మింది సర్కారును కాదు, నన్ను.

ఇయ్యలేదు అని నేను అనవచ్చు. అమీనుకు తెలుగు చదవడం రాదు. ఒక్క మాట. కానీ తహసీలులో చదవగలిగినవాళ్ళు ఉన్నారు, ఇంట్లో నిండు మనిషి ఉంది, గుడిసెకు పడ్డ తాళం కళ్ళ ముందుంది. కాగితం ఎత్తుకుని, ఉన్నది ఉన్నట్టు చదివాను. "తల్లి ఆ గొర్రెను రాజభటులకు ఇచ్చెను."

ఆయన నన్ను తిట్టలేదు. జగ్గు ఎత్తి, ఇచ్చిందని పాడి, ఆ తర్వాత ఒక్క మాట కూడా అటూ ఇటూ పోకుండా ఎట్లాగో కథ ముగించాడు. ఒక్కరూ ఊఁ కొట్టలేదు. ఆడవాళ్ళు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. అమీను మాత్రం బాగుందన్నాడు.

మర్నాడు పొద్దున్నే గడీ మనుషులు వచ్చారు. సర్కారు కాగితంలోనే ఉంది, దేవుని తల్లే ఇచ్చింది, నీదేం పోయిందని పోలీసు పటేలు ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. మొదట లింగవ్వ దొడ్డికే పోయారు. ఆమె తడికకు అడ్డం రాలేదు. చూడి గొర్రెలు రెండుంటే రెండూ తోలుకుపోయారు. అవి మా బడి ముందు నుంచే పోయాయి. నేను పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తున్నాను, ఆపలేదు.

మూడో రోజు ఒగ్గాయన మా ఇంటికి వచ్చాడు. గొంతు పట్టుకుంటాడేమోనని భయపడ్డాను. ఆయన కింద కూర్చుని, పసుపు గుడ్డ విప్పి కాగితాలు నా ముందు పెట్టాడు. మొదటి నుంచి కడదాకా చదవమన్నాడు. తన కథ ఎట్లా ఉందో తానెన్నడూ వినలేదట. చదివాను. ప్రతి మాట చివరా ఊఁ కొడుతూ విన్నాడు. గొర్రె దగ్గర ఆపేశాను. సదువు అన్నాడు. చదివాను. అక్కడ మాత్రం ఊఁ కొట్టలేదు. అంతా అయ్యాక, నువ్వు విన్నవు గద పంతులూ, ఆనాడు లింగవ్వ ఏమన్నదో అని మెల్లగా అడిగాడు.

విన్నానన్నాను. నాకు భయమైంది అన్నాను. ఆ మాట నేను నా భార్యతో కూడా అనలేదు.

"ఊఁ" అన్నాడు, కథ వింటున్నట్టే. ఇంకేమన్నా చెబుతానేమోనని ఎదురుచూశాడు.

"గీ మాట ముందుగాలనే చెప్తే అయిపోవు గదనే. కథల పెట్టుకుందును" అని లేచాడు. నా భార్య దగ్గర చెంబెడు నీళ్ళు తాగి వెళ్ళాడు. కాగితాలు మా ఇంట్లోనే వదిలేశాడు. వారం తిరక్కుండా పటేలు వచ్చి అవి పట్టుకుపోయాడు, తహసీలులో ఉండాలట.

మందలు మేతకు కృష్ణ ఒడ్డుకు దిగే కాలం అది. ఆయన బావమరిదిని వెంటబెట్టుకుని మందల వెనకాలే హుజూర్‌నగర్ దిక్కుకు నడిచాడు. ఇజాజత్ అడగలేదు, కాగితం తీసుకుపోలేదు. మజిలీ మజిలీకీ కథ చెబుతున్నాడని వార్తలు వచ్చేవి. తర్వాత వార్తలు రావడం ఆగిపోయింది. నాకు కోరుకున్న ఊరికి బదిలీ అయింది. అడక్కుండానే వచ్చింది, ఎందుకిచ్చారో నాకు తెలుసు. ఆ మరుసటి ఏడు సర్కారును దించడానికి పటాలాలు వచ్చాయి, రాజ్యం మారింది, జైళ్ళు తెరిచారు. జైలుకు పోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఒగ్గాయన రాలేదు. ఫలానా చోట పోయాడని చెప్పినవాడు కూడా లేడు.

డోలు అతను మాత్రం వచ్చాడు. కల్వకుర్తి సంతలో కనిపించాడు, ఎడమ చెయ్యి పైకి లేవదు. నన్ను చూసి తప్పుకోబోతే నేనే అడ్డం పోయి అడిగాను. చెప్పడం ఇష్టం లేదు, అయినా చెప్పాడు. ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో ఆఖరి కథ. దాంట్లో కొత్త మనిషి వచ్చాడట. రాజుగారి ఊళ్ళో ఒక పంతులు. చదువు వచ్చినవాడు, మంచివాడు, ఇంట్లో పెండ్లాం నిండు మనిషి. అతని చేతిలో రాజుగారి కాగితం ఉంది, దాంట్లో తల్లి గొర్రెను ఇచ్చిందని ఉంది. ఇయ్యలేదని అతనికి తెలుసు.

"నవ్విన్రా?" అని అడిగాను.

లేదన్నాడు. పంతులు మీద అందరికీ పావురమైందట, జాలి పడ్డారట. ఒగ్గాయన అక్కడ జగ్గు ఆపి, ఆడవాళ్ళ వైపు తిరిగి, గీ పంతులు ఇప్పుడు ఏం చెయ్యాలె, మీరే చెప్పున్రి అని అడిగాడట. ఆఖరుకు ఒకామె లేచి నిలబడి జవాబు చెప్పింది. ఆ మాట ముగుస్తుండగానే ఖాకీ బట్టలవాళ్ళు నాలుగు దిక్కులా కమ్ముకున్నారు.

ఆమె ఏమందని అడిగాను. సంతలో జనం మమ్మల్ని ఒరుసుకుంటూ పోతున్నారు. రెండోసారి అడిగాను, బతిమాలాను. చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాడు.

"చెప్పను పంతులూ. నీకు చెప్తే నువ్వు రాస్తవు" అన్నాడు.